ఇంటి పక్క మేడి చెట్టు: కొట్టాలా, ఉంచాలా, కాయలు వండొచ్చా?

చదివే మిగతావాళ్ళ కోసం మీ ప్రశ్నని ముందు కుదించి చెబుతాను. రాజోలు దగ్గర పంట కాలువ గట్టుని ఆనుకుని మీ మామగారి స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. స్థలం దక్షిణపు మూల పెద్ద మేడి చెట్టు ఉంది. మొదలు దగ్గర్నుంచి పెద్ద కొమ్మల దాకా గుత్తులు గుత్తులుగా కాస్తోంది. పండి రాలితే ఈగలు, పులిసిన వాసన, రాత్రయితే గబ్బిలాలు. వేళ్ళు పునాదిలోకి వస్తాయని పక్కింటివారు భయపెడుతున్నారు. దత్తాత్రేయుడి చెట్టు, గొడ్డలి పెట్టొద్దని మామగారు అంటున్నారు. ఆ కాయలు కూర వండొచ్చా అని మీ ఆవిడ అడుగుతున్నారు. షుగరుకి బెరడు కషాయం తాగమని ఎవరో చెప్పారు. చివరికి, ఆ చెట్టు మీద అంజీర్ అంటు కట్టొచ్చా అని మీ సందేహం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెట్టు ఉంచండి. ఇంటి మీదికి వాలిన కొమ్మలు తగ్గించండి. కాయని మాత్రం వయసు చూసి వాడండి. మేడితో మనవాళ్ళు పడే అవస్థల్లో చాలావరకు కాయ ఏ దశలో ఉందో చూడకపోవడం వల్లే వస్తాయి. వండితే వగరు అన్నవాళ్ళు, విప్పితే పురుగులు అన్నవాళ్ళు, తింటే చప్పన అన్నవాళ్ళు ముగ్గురూ నిజమే చెబుతారు. కాకపోతే ముగ్గురూ చెప్పేది మూడు వేర్వేరు వయసుల కాయల గురించి. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు కొబ్బరి తోట చూసుకుంటున్నాను. మా తోట బోదె పక్కన కూడా మేడి ఉంది కాబట్టి పుస్తకంలోదీ చేలోదీ కలిపి చెబుతాను.

మీది నిజంగా మేడేనా అన్నది ముందు రూఢి చేసుకోండి. మేడి, అత్తి, ఔదుంబరం అన్నీ ఒకటే. శాస్త్రీయ నామం ఫైకస్ రెసిమోసా, పాత పుస్తకాల్లో ఫైకస్ గ్లోమరేటా అని ఉంటుంది. ఆకు నున్నగా, కొస తేలి ఉంటుంది, కొమ్మ మీద ఒకటి ఇటు ఒకటి అటు మారుతూ వస్తుంది. కాయ పండితే నారింజ నుంచి ఎరుపులోకి తిరుగుతుంది. కాలువ గట్ల మీద బొమ్మమేడి అని ఇంకో చెట్టు కూడా కనిపిస్తుంది. దాని ఆకు గరుకు కాగితంలా ఉంటుంది, ఆకులు జంటగా ఎదురెదురుగా వస్తాయి, కాయ మీద నూగు ఉంటుంది, పండితే పసుపు ఛాయకి తిరుగుతుంది. నేను కింద చెప్పేదంతా మేడికే, బొమ్మమేడిని వంటింట్లోకి తేవద్దు. ఇంకో మాట, మీ చెట్టు ఆకుల మీద బుడిపెలు కనిపిస్తే కంగారు పడకండి. చిన్న రసం పీల్చే పురుగు గుడ్లు పెట్టడం వల్ల అలా ఉబ్బుతాయి. చూడ్డానికి జబ్బులా ఉంటుంది గానీ పెద్ద చెట్టుకి దానివల్ల ప్రమాదం లేదు. మందు కొట్టడం దండగ.

ఇక పురుగుల సంగతి. బడిలో బట్టీ పట్టిన పద్యం పుణ్యమా అని మేడిపండు మోసానికి మారుపేరైపోయింది. చెట్టుకి ఇది అన్యాయం. ఆ పురుగులు కుళ్ళు వల్ల వచ్చినవి కావు. అవి లేకపోతే మేడికి గింజే లేదు.

మేడికాయ అసలు మామూలు కాయ కాదు, పూలగుత్తి. పొద్దుతిరుగుడు పువ్వుని లోపలికి ముడిచి, సంచి మూతి కట్టేసినట్టు ఊహించుకోండి. పూలన్నీ లోపలి గోడకి ఉంటాయి, కొసన చిన్న కన్నం ఉంటుంది, దాన్ని కూడా పొలుసులు మూసేస్తాయి. మేడి పువ్వు ఎవరికీ కనిపించదు, అర్ధరాత్రి పూస్తుంది, కంటపడితే అదృష్టం అని పెద్దవాళ్ళు చెప్పే కథలు ఇందుకే పుట్టాయి. పువ్వు చూడాలని ఉంటే లేతకాయని బ్లేడుతో నిలువుగా కోసి భూతద్దం పెట్టండి, పట్టపగలే కనిపిస్తుంది.

కాయ చిన్నగా, ఆకుపచ్చగా ఉన్నప్పుడు లోపలి ఆడపూలు సిద్ధమవుతాయి. అప్పుడు అది ఒక వాసన వదులుతుంది, మన ముక్కుకి అందదు. ఆ వాసన పట్టుకుని రెండు మిల్లీమీటర్ల కందిరీగ ఒకటి వస్తుంది. సెరటోసోలెన్ అనే ప్రజాతిది, కుట్టదు. వేరే మేడి చెట్టులో పుట్టి, అక్కడి పుప్పొడి మోసుకుని, గాలివాటున కిలోమీటర్లు కొట్టుకొచ్చి, ఆ ఇరుకు కన్నంలోంచి దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. లోపల కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, మిగతావాటికి పుప్పొడి అంటిస్తుంది, అక్కడే చచ్చిపోతుంది. గుడ్డు పడ్డ పువ్వు పురుగుకి ఇల్లవుతుంది, పడని పువ్వు గింజవుతుంది. అంటే చెట్టు తన పూలలో కొంత వాటా అద్దెకిచ్చి, ఆ అద్దెతో మిగతావాటికి పరాగ సంపర్కం చేయించుకుంటోందన్నమాట.

అక్కడ్నుంచి సుమారు నెల, చలికాలంలో ఇంకా ఎక్కువ, కాయ పైకి ఏమీ మారకుండా లావెక్కుతుంది. లోపల పిల్లలు పెరుగుతుంటాయి. ముందు మగవి బయటికొస్తాయి. వాటికి రెక్కలుండవు, ఆడవి ఇంకా గదుల్లో ఉండగానే జతకట్టి, కాయ గోడకి కన్నం తొలిచి చచ్చిపోతాయి. సరిగ్గా అప్పటికే మగపూలు విచ్చుకుని పుప్పొడి ఇస్తాయి. ఆడవి దాన్ని ఒంటికి పట్టించుకుని ఆ కన్నంలోంచి ఎగిరిపోతాయి, ఇంకో చెట్టు వెతుక్కోవాలి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులే. అవి పోయాకే కాయ మెత్తబడుతుంది, రంగు తిరుగుతుంది, తీపి పడుతుంది.

పండు ఎర్రబడేసరికి అసలు కాపురం ఖాళీ అయిపోతుందన్న సంగతి చాలామందికి తెలియదు. విప్పితే కనిపించేవి చాలామటుకు చచ్చిన మగపురుగులు, ఆలస్యంగా బయల్దేరిన ఒకటీ అరా, పుప్పొడి మోయకుండా బయటినుంచే గుడ్లు గుచ్చి వాటా కొట్టేసే వేరే కందిరీగలు. ఇక నేల రాలిన పండులో కదిలేవి వేరు. అవి చీమలు, పెంకు పురుగులు, ఈగపిల్లలు, తీపి చూసి తరవాత చేరినవి. పద్యంలో చెప్పిన పురుగుల్ని మీరు బతికుండగా చూడాలంటే పండుని కాదు, పండబోయే ముందు కాయని విప్పాలి.

ఇంకో సంగతి. ఒకే చెట్టు మీద ఒక కాపు దాదాపు ఒకేసారి ముదురుతుంది, పక్క ఊరి చెట్టు ఇంకో నెలలో ముదురుతుంది. అందుకే ఏడాదిలో ఎప్పుడు చూసినా ఎక్కడో ఒక మేడి కాస్తూ ఉంటుంది. కందిరీగలకి ఆ వరస తెగకూడదు. మామిడి, నేరేడు అయిపోయిన రోజుల్లో కోయిలలు, గోరింకలు, పిగిలి పిట్టలు, గబ్బిలాలు మేడి మీదే పడడానికి కారణం కూడా ఇదే. మీ చెట్టొకటి పోయినంత మాత్రాన ఏదీ ఆగిపోదు గానీ, కాలువ వెడల్పు చేసినప్పుడల్లా గట్టు మీద ఒకటి పోతూనే ఉంది కదండీ.

ఇప్పుడు వంట. కూరకి పనికొచ్చేది పురుగు ఇంకా గుడ్డు దశలో ఉన్నప్పటి కాయ, లేదా అసలు కందిరీగ దూరకముందు కాయ. గట్టిగా, ముదురు ఆకుపచ్చగా, చిన్న ఉసిరికాయ పరిమాణం దాటకుండా ఉండాలి. పైచూపు నమ్మకండి, గుత్తికి ఒకటి కోసి చూడండి. లోపల తెల్లగా, లేత గులాబీగా, పూలన్నీ దగ్గరగా ఒత్తుకుని ఉంటే ఆ గుత్తి మొత్తం కోసుకోవచ్చు. మధ్యలో ఖాళీ ఏర్పడి, గోధుమరంగు గింజల్లాంటివి విడివిడిగా కనిపిస్తే వదిలేయండి, అది కందిరీగల వంతు. గుత్తంతా ఒకే వయసులో ఉంటుంది కాబట్టి ఒక కాయ చెప్పింది మిగతావాటికీ వర్తిస్తుంది.

చేతికి నూనె రాసుకుని తొడిమలు తీయండి, పాలు జిగురుగా అంటుకుంటాయి. నాలుగు చెక్కలు చేసి వెంటనే పల్చని మజ్జిగలో వేయండి, లేకపోతే నల్లబడతాయి. ఒక గంట ఉంచితే వగరు కొంత దిగుతుంది. తరవాత ఉప్పు, పసుపు వేసి ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, చల్లారాక పిండండి. ఈ ఒక్క పని బద్ధకించి మానేస్తేనే కూర నాలుక పట్టేస్తుంది. ఆపైన మన గోదావరి వంటే. పనసపొట్టు కూర చేసే పద్ధతిలోనే చింతపండు గుజ్జు, పచ్చిమిరప, అల్లం, ఎండుమిర్చి, మినప్పప్పు, కరివేపాకు పోపు పెట్టి, పొయ్యి మీంచి దించాక ఆవ ముద్ద కలపండి. ఆవ వేడి మీద వేస్తే చేదొస్తుందని మీ ఆవిడకి నేను చెప్పక్కర్లేదు. వేపుడు చేసుకుంటే కొబ్బరి కోరు దట్టంగా వేయండి, ఆ వగరుకి కొబ్బరి బాగా కుదురుతుంది. పెసరపప్పులో వేసినా బావుంటుంది. తమిళనాడులో అత్తికాయ పొరియల్ ఇళ్ళలో మామూలుగా చేస్తారు, బెంగాలీలు డుమూర్ అని చేపల కూర పక్కన వండుకుంటారు. మనకే ఎందుకో ఇది అలవాటు తప్పింది. మొదటిసారి కొంచెమే వండుకుని చూడండి, కొందరికి పీచు ఎక్కువై కడుపు ఉబ్బరిస్తుంది.

పండు తినొచ్చా అంటే, తినొచ్చు. విషం కాదు. కానీ బజారు అంజీర్ రుచి ఊహించుకుని నోట్లో పెట్టుకుంటే నిరాశ పడతారు. తీపి తక్కువ, గింజ ఎక్కువ, వాసన మాత్రం బావుంటుంది. తెల్లవారుజామున చెట్టు మీదవే కోయండి, నేల మీదవి వద్దు. పక్షి పొడిచినవి, గబ్బిలం కొరికినవి అసలు ముట్టకండి. కేరళలో 2018లో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వచ్చినప్పటి నుంచి డాక్టర్లు చెబుతున్న జాగ్రత్త ఇదే, ఏ పండుకైనా ఈ అలవాటు ఉండాలి. కోసిన పండుని రెండుగా విప్పి, తట్టి, ఎండలో కాసేపు పరిస్తే లోపల మిగిలినవి వాటంతటవే వెళ్ళిపోతాయి. తరవాత కడిగి తినొచ్చు. మాంసం, గుడ్డు ముట్టనివారు ఇంట్లో ఉంటే లోపల కందిరీగల అవశేషాలు ఎంతోకొంత ఉంటాయని ముందే చెప్పడం మర్యాద. ఎండబెట్టి ఒరుగులు చేసి, పొడి కొట్టి పాలలో కలుపుకునేవాళ్ళున్నారు. మన తేమకి ఒరుగు బూజు పట్టకుండా ఆరాలంటే కాలువలు కట్టేసే ఎండాకాలమే అదను, వర్షాకాలం కాపుతో ఆ పని పెట్టుకోవద్దు.

మీరు తినలేనంత కాస్తుంది, అసలు ఇబ్బంది అక్కడే. ఈగలకి మందు కొట్టడం వల్ల ప్రయోజనం లేదు, రాలినవి రోజూ ఊడ్చేయాలి. కాపు ముదిరిన రెండు వారాలు కష్టపడితే చాలు, తరవాత చెట్టు ఊరుకుంటుంది. చెట్టు కింద పాత వల గానీ టార్పాలిన్ గానీ పరిచి పొద్దున్నే ముడిచి ఎత్తేయడం సులువైన పద్ధతి. ఎత్తినవి మేకలకి, గేదెలకి వేయండి, ఇష్టంగా తింటాయి. పులిసిపోయినవైతే వద్దు, కొబ్బరి పాదులో వేసి పైన మట్టి కప్పండి. గింజలు కొన్ని మొలుస్తాయి, రెండాకులప్పుడే పీకేస్తే సరి. కాలువ మీదికి వాలిన కొమ్మల పళ్ళు నీళ్ళలో పడితే చేపలు ఎగబడతాయి, గేలం వేసే కుర్రాళ్ళు ఆ చోటు వదలరు. కాబట్టి కొమ్మలు తగ్గించేటప్పుడు ఇంటి వైపువి తగ్గించి కాలువ వైపువి ఉంచండి. మీ స్థలంలో పడే చెత్త సగానికి సగం తగ్గిపోతుంది.

మేత అంటే గుర్తొచ్చింది. లంకల్లో వరద వచ్చి గడ్డంతా మునిగినప్పుడు మేడి రొట్ట పశువులకి ఆదుకునేది. ఈ చెట్టు వాగులు, ఏళ్ళ ఒడ్డున పుట్టింది, వేళ్ళు కొన్నాళ్ళు నీళ్ళలో నానినా తట్టుకుంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారాక డెల్టాలో దానికి కావలసిన తడి గట్లు ఊరూరా దొరికాయి. మన ఒండ్రు నేలలో ఎవరూ నాటకుండానే ఇన్ని మేడి చెట్లు పుట్టుకొచ్చాయంటే పిట్టలు, గబ్బిలాలు, నీటి తడి కలిసి చేసిన పనే.

వేళ్ళ విషయంలో పక్కింటివారి భయం సగం సరైనదే. మర్రి, రావి, జువ్వి గోడ పగులులో, కొబ్బరి మొవ్వులో, గుడి గోపురం మీద మొలిచి వేళ్ళు కిందికి దింపి కట్టడాన్ని పిండేస్తాయి. మేడి స్వభావం అది కాదు. నేలలో మొలిచి నేలలోనే పెరుగుతుంది, ఊడలు దింపి ఎవరినీ చుట్టుకోదు. కానీ తడి ఎక్కడుంటే అక్కడికి వేరు వెళుతుంది. మీ పునాదికన్నా నాకు సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ పైపు జాయింటు, కాలువ తూము గురించే బెంగ. చెట్టుకి, ఇంటి గోడకి మధ్య ముప్పై అడుగులుంటే నిశ్చింతగా ఉండొచ్చు. పదిహేను లోపైతే ఇంటివైపు ఒక గాడి తీయించి చూడండి. బొటనవేలు లావు వేళ్ళు గోడ దాకా వచ్చి ఉంటే వాటిని శుభ్రంగా కోయించి, గాడిలో కాంక్రీటు గానీ మందపాటి ప్లాస్టిక్ షీటు గానీ నిలువుగా దింపి పూడ్చండి. ఒకే ఏడాది రెండు వైపుల వేళ్ళు కోయొద్దు, గాలికి చెట్టు పడిపోతుంది. కొత్తగా నాటేవాళ్ళయితే ఇంటికి, నూతికి దగ్గరగా నాటనే వద్దు.

నిజమైన ప్రమాదం పైనుంచి. మేడి చెక్క తేలిక, మెత్తన. పెద్ద కొమ్మ గాలికి పెళుక్కున విరుగుతుంది. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరినే పడుకోబెట్టింది, ఇక మేడి కొమ్మలెంత. అక్టోబరు, నవంబరు మన తుపాన్ల నెలలు కాబట్టి ఆ లోపే ఇంటి కప్పు మీదికి వచ్చిన కొమ్మలు తీయించేయాలి. వర్షం లేని రోజు చూడండి. మొద్దు దగ్గర పెద్ద కోత పెడితే అది మానదు, నీరు దిగి లోపల పుచ్చుతుంది. అందుకే లావు కొమ్మని ఒకేసారి మొదలంటా నరకకుండా, పక్క రెమ్మ ఉన్నచోటికి కుదించుకుంటూ రండి. కొబ్బరి దింపు తీసేవాళ్ళకి ఈ పని ఇవ్వొద్దు. వాళ్ళు నేర్పరులే గానీ కొబ్బరికి కొమ్మలుండవు, కొమ్మ ఎటు వాలుతుందో లెక్క వేయడం వేరే విద్య. తాడు కట్టి దించే మనిషిని పిలవండి. పాలు కంట్లో పడకుండా చూసుకోమనండి.

మొద్దు మీద కన్నాలు, వాటి కింద రంపపు పొట్టు రాలి ఉంటే మామిడికి వచ్చే కాండం తొలిచే పురుగే వచ్చిందనుకోవాలి. ఆ కొమ్మ లోపల డొల్లవుతుంది, ముందు దాన్నే తీయించండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. మీ చెట్టు కొలతలో మీ స్థలంలో ఉందా, గట్టు మీద ఉందా అని తేల్చుకోండి. గట్టు ఇరిగేషన్ వాళ్ళది. చెట్టు పూర్తిగా కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి సంగతి కూడా చూసుకోవాలి. కొట్టొద్దనే నేను చెబుతున్నాను గానీ, రేపు ఎవరైనా బేరం పెట్టి వస్తే మీకు తెలిసుండాలి.

బేరం అన్నాను గానీ, కలపగా దీనికి విలువ లేదు. గుమ్మాలకి, మంచాలకి పనికిరాదు, పొడి పురుగు తినేస్తుంది. విచిత్రమేమంటే గాలిలో నిలవని ఈ చెక్క నీళ్ళలో చాలాకాలం నిలుస్తుంది. అందుకే పూర్వం నూతి అడుగున ఒరల కింద చట్రానికి మేడి చెక్క వాడేవారు. సిమెంటు ఒరలొచ్చాక ఆ వాడుక పోయింది. ఇప్పుడు ప్యాకింగ్ పెట్టెలకి, పొయ్యికి తప్ప ఎవరూ కొనరు.

షుగరు కషాయం దగ్గరకొద్దాం. బెరడు సారం ఎలుకలకి ఇస్తే రక్తంలో చక్కెర తగ్గిందని ప్రయోగాలున్నాయి, అది నిజం. ఎలుకకి తగ్గింది కదా అని మనిషి మాత్రలు ఆపేయకూడదు, అదీ నిజం. మాత్రలు వేసుకుంటూనే పక్కన ఇది కూడా తాగితే చక్కెర మరీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. మీ డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. బెరడుకి ఉన్న నికరమైన గుణం వగరు. మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి బెరళ్ళు కలిపి పంచవల్కలాలు అంటుంది ఆయుర్వేదం. ఆ కషాయంతో పుండ్లు కడగడం, నోటిపూతకి పుక్కిలించడం పాత పద్ధతి. పుక్కిలించి ఉమ్మేసేదే కాబట్టి పెద్దగా భయం లేదు. బెరడు కావాలంటే నరికిన కొమ్మల మీంచే తీసుకోండి. నిలబడ్డ మొద్దుని చుట్టూ చెక్కితే చెట్టు చస్తుంది, మందుల పేరు చెప్పి చంపిన మేడి చెట్లు మన ఊళ్ళలో తక్కువేం లేవు.

మేడి పాలని గవదబిళ్ళల మీద, సెగ్గడ్డల మీద పట్టు వేస్తారు. గవదబిళ్ళలు వైరస్ వల్ల వస్తాయి, పట్టు వేసినా వేయకపోయినా తగ్గాల్సినప్పుడు తగ్గుతాయి. కొందరి చర్మానికి మేడి పాలు పడవు, దద్దురు లేస్తుంది. చిన్నపిల్లలకి వద్దే వద్దు. మొలలకి పాలు తాగించడం కూడా విన్నాను. రక్తం పడుతుంటే చూపించుకోవాల్సింది డాక్టరుకి. వేరు కొస కోసి కుండ కట్టి, రాత్రంతా ఊరిన నీరు చలవకి తాగే అలవాటు ఒకటుంది. మీ చెట్టు వేళ్ళు ఊరి మురుగు కలిసే కాలువ పక్కన ఉన్నాయి, ఆ కుండ ఎంత శుభ్రంగా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

మామగారి మాట నేను కాదనను. దత్తావతారంగా కొలిచే పిఠాపురం శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రానికి వెళ్ళేవాళ్ళు ఔదుంబరానికి ప్రదక్షిణ చేస్తారు. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక నరసింహస్వామి గోళ్ళు విషంతో మండుతుంటే లక్ష్మీదేవి మేడిపళ్ళు తెచ్చిందని, వాటిలో గోళ్ళు గుచ్చి చల్లబరుచుకున్నాడని దత్త సంప్రదాయంలో చెబుతారు. మీకు నరసింహస్వామి గుడి ఉన్న అంతర్వేది దగ్గరే కాబట్టి ఈ కథ మామగారికి తెలిసే ఉంటుంది. నవగ్రహ హోమంలో శుక్రుడికి మేడి సమిధ. కలశంలో పెట్టే పంచపల్లవాల్లోనూ మేడి ఆకు ఉంది. పాలు కారే చెట్టు ఇంటి దగ్గర ఉంటే డబ్బు నిలవదని వాస్తు పేరుతో ఎవరైనా అంటే, ప్రాచీన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఆ మాట ఉన్న అధ్యాయంలోనే మేడి ఇంటికి దక్షిణాన మంచిదని కూడా ఉందని చెప్పండి. మీది దక్షిణపు మూలే కదా, వాదన అక్కడితో ముగుస్తుంది. ఆ గ్రంథమే మేడి ఉన్నచోట నేలలో నీరుంటుందని ఆనవాలు చెప్పింది. మెట్టలో నుయ్యి తవ్వుకునేవాళ్ళకి అది పనికొచ్చే మాట. డెల్టాలో మనం ఎక్కడ తవ్వినా నీరే కాబట్టి ఆ ఆనవాలుతో మనకి పని లేదు.

చివరిది అంజీర్. ముదురు మేడి మొద్దు మీద అంటు కట్టే ఆలోచన మానుకోండి. రెండూ ఒకే ఫైకస్ ప్రజాతివే, అంటు కలుస్తుంది కూడా. అంజీర్‌ని వేరుబుడిపె నులిపురుగుల నుంచి కాపాడడానికి మేడిని వేరు మొక్కగా, అంటే అంటుకి కింది భాగంగా, వాడడం మన దేశంలో చేసిన పనే. అయితే అది పెన్సిలు లావున్న లేత మొక్క మీద. పాత మొద్దు మీద కట్టిన చిన్న అంటుని చుట్టూ లేచే మేడి చిగుళ్ళు మింగేస్తాయి, మీరు వారం వారం నిచ్చెనెక్కి గిల్లుతూ కూర్చోవాలి.

అంతకన్నా పెద్ద అడ్డంకి మన గాలి. అంజీర్ పొడి వాతావరణపు మొక్క. మహారాష్ట్రలో పుణె దగ్గరి పురందర్, మన రాష్ట్రంలో అనంతపురం వైపు బాగా వస్తుంది. కోనసీమ తేమకి ఆకు కింద తుప్పు తెగులు వచ్చి చెట్టు బోడి అవుతుంది, పండే వేళ వాన పడితే కాయ పగిలి పులుస్తుంది. మేడి వేరు మీద కట్టినా వేరుకి బలం వస్తుంది గానీ ఆకు తెగులు తగ్గదు. సరదా ఉంటే కడియం నర్సరీలో పూనా రకం మొక్క ఒకటి తెచ్చుకోండి. ఆ రకానికి కందిరీగ అక్కర్లేదు, పరాగ సంపర్కం లేకుండానే పండుతుంది, అందుకే దానిలో పురుగు ఉండదు. పెద్ద తొట్టిలో డాబా మీద, ఎండ బాగా తగిలి వాన నేరుగా పడని చోట పెట్టండి. తొట్టి అడుగు కన్నాలు మూసుకుపోకుండా ఇటుక ముక్కలు వేయండి. ఏటా శీతాకాలం మొదట్లో కొమ్మలు సగానికి కత్తిరిస్తే కొత్త చిగురుతో పాటు కాయ వస్తుంది, పండేసరికి మనకి ఎండాకాలం ఉంటుంది. తెగులు పట్టిన ఆకులు కింద వదలకుండా ఏరి కాల్చేయండి. మీ ఇద్దరికీ నాలుగు పళ్ళు వస్తే ఆ మొక్క బాగా కాసినట్టే.